బందెలదొడ్డిలో మ్యూజియం

గదిలోకి వెళ్ళేముందు సాయిబుగారు దగ్గేవారు. ఆ గదిలో ఉన్నవి రాళ్ళు, కుండపెంకులు, తల లేని విగ్రహం ఒకటి, కొన్ని ఎముకలు. వాటిలో ఏదీ ఉలిక్కిపడే రకం కాదు. అయినా ఆయన గడప బయట నిలబడి, మెల్లగా దగ్గి, కాస్త ఆగి, అప్పుడు తలుపు తోసేవారు. ఎందుకని మొదట్లో ఒకసారి అడిగాను. చెప్పకుండా మీద పడితే బెదురుతాయి కదండీ అన్నారు.

మొన్న తాడేపల్లిగూడెం స్టేషనులో ఏలూరు తివాచీల వ్యాపారి ఒకాయన కనిపించారు. పెంటపాడులో ఎవరింటి పెళ్ళికో తివాచీలు తీసుకుపోతున్నారు. బండి కోసం చూస్తూ, చుట్టిపెట్టిన తివాచీ మీదే నాకూ కాస్త చోటిచ్చి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మ్యూజియం సాయిబుగారు పోయారండీ, నెల దాటింది" అన్నారు. సాయిబుగారికి ఈయన దూరపు చుట్టం. ఎలా పోయారు, ఏం జబ్బు అని అడగవలసినవన్నీ అడిగాను. ఆయన చెప్పారు కూడా. నాకు మాత్రం ఆ దగ్గే వినిపిస్తూ ఉంది.

ఆయన పేరు నాకు తెలియక కాదు. ఏలూరులో ఎవరూ ఆ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. మొదట బందెలదొడ్డి సాయిబుగారు, తర్వాత మ్యూజియం సాయిబుగారు. చాలామందికి ఈ రెంటికీ తేడా తెలియదు. ఆయనకు అసలే తెలియదు.

ఉప్పు సత్యాగ్రహపు గొడవలు సద్దుమణిగిన రోజులవి. ఊళ్ళో పెద్దలు కొందరు, అంటే ప్లీడర్లు, మిల్లుల వాళ్ళు, ఒక డాక్టరు, కలిసి ఒక సంఘం పెట్టారు. సర్కారు భూముల్లో, కాలవల తవ్వకాల్లో, పాటిదిబ్బల మీద బయటపడే పాతకాలపు వస్తువులు ఎవరికి వాళ్ళు పట్టుకుపోతున్నారనీ, వాటినన్నిటినీ ఒకచోట చేర్చి కాపాడాలనీ వాళ్ళ ఉద్దేశం. ఉద్దేశం మంచిదే, చోటే దొరకలేదు. అదే సమయానికి తమ్మిలేటి గట్టున కొత్త బందెలదొడ్డి కట్టారు. చేలల్లోనూ సర్కారు స్థలాల్లోనూ పడి మేస్తూ పట్టుబడిన పశువులను సొంతదారు వచ్చేదాకా ఇకమీదట అక్కడ ఉంచుతారు. దాంతో ఊరి మధ్యనున్న పాత దొడ్డి ఖాళీ అయింది. సంఘంవాళ్ళు దాన్ని అడిగి తీసుకున్నారు. గోడలతో పాటు, అందులో పాతికేళ్ళుగా పశువులను చూసుకుంటున్న సాయిబుగారు కూడా వచ్చారు. సంఘం కార్యదర్శి ప్లీడరుగారు ఆయనను పిలిచి, "మీరేం కంగారు పడకండి, మీ పని ఎప్పటిలాగే చేసుకోండి" అన్నారట. ఊరికే ధైర్యం చెప్పడానికి అన్న మాట అది. సాయిబుగారు దాన్ని ఉత్తర్వుగా తీసుకున్నారు.

నేనప్పుడు హైస్కూల్లో డ్రాయింగు మాష్టరును. అక్షరాలు గుండ్రంగా రాస్తానని పేరుండడంతో, వస్తువుల పక్కన పెట్టే అట్టముక్కలు రాయమని ప్లీడరుగారు నన్ను పంపారు. మొదటిరోజు వెళ్ళేసరికి పెదవేగి దిబ్బల నుంచి తెచ్చిన తల లేని విగ్రహం ముందు నీళ్ళతొట్టి ఉంది. పక్కన ఎముకల ముందు ఇంకొకటి ఉంది. రెండూ నిండుగా, తేటగా ఉన్నాయి. నేను ఏదో పూజనుకున్నాను. సాయిబుగారు పూజ చెయ్యరు కదా అని మళ్ళీ అనుమానం వచ్చి అడిగాను.

"ఉదయం సాయంత్రం నీళ్ళు చూపించాలండీ," అన్నారు. "తాగడం తాగకపోవడం వాటి ఇష్టం."

శుక్రవారం నమాజు చేసుకుని వచ్చాక రాళ్ళన్నిటికీ పక్కలు మార్చేవారు. ఒకే పక్కన పడి ఉంటే ఒరుసుకుపోయి పుండు పడుతుందట. ఎండ బాగా కాస్తే చాపలు పరిచి వాకిట్లోకి తెచ్చేవారు, మబ్బు పడితే ఒక్కొక్కదాన్నీ లోపలికి మోసేవారు. సాయంత్రం దోమలకని వేపాకు పొగ వేసేవారు. ఆ పొగ మహిమో ఏమో, ప్లీడరుగారింట్లో లా పుస్తకాలను చెదలు తినేశాయి గానీ మ్యూజియంలో నా అట్టముక్కల జోలికి రాలేదు.

ఆ అట్టముక్కల దగ్గరే మా ఇద్దరికీ మొదట పేచీ వచ్చింది. మెట్ట ఊళ్ళ వైపు తెల్లటి పలకరాళ్ళ పొరల్లో ఆకుల అచ్చులు దొరుకుతాయి. ఈనెలతో సహా, నిన్న రాలిన ఆకును అద్దినట్టే ఉంటాయి. వాటి పక్కన 'సర్కారు బంజరులో దొరికినది' అని రాశాను. సాయిబుగారికి చదువు రాదు. చదివి వినిపించమన్నారు. విని, మొహం కాస్త ఇబ్బందిగా పెట్టి, 'దొరికినది' తీసేసి 'పట్టుబడినది' అని రాయమన్నారు. రాయికి పట్టుబడడమేమిటండీ అన్నాను.

"దొరికింది అంటే మనదైపోయినట్టుంటుందండీ. పట్టుబడింది అంటే, ఎప్పటికైనా ఎవరో ఒకరు వస్తారు."

నేను ఒప్పుకోలేదు. ఆయన వాదించలేదు. రోజూ నేను వెళ్ళగానే ఆ అట్టముక్కను తెచ్చి నా ముందు పెట్టి, పక్కనే కూర్చునేవారు. వారం తిరక్కుండానే అన్నీ మార్చి రాశాను. ఆ తర్వాత చూడవచ్చినవాళ్ళకు ఏలూరు మ్యూజియంలో ప్రతి వస్తువూ దొంగతనంగా మేస్తూ పట్టుబడినట్టే కనిపించేది.

అవన్నీ ప్రాణమున్నవని ఆయన నిజంగా నమ్మేవారా అని నన్ను చాలామంది అడిగారు. నేనూ ఆయనను అడిగాను. "అదంతా నాకు తెలియదండీ. నాకు వచ్చిన పని ఇదొక్కటే" అన్నారు.

ఒక ఏడాది వానలకు ముందు పెదపాడు దగ్గర సర్కారువాళ్ళు మురుగుకాలవ లోతు చేయిస్తుంటే, అడుగు బురదలో ఒక పెద్ద పుర్రె బయటపడింది. దానికి రెండు కొమ్ములు ఉన్నాయి. ఒక్కో కొమ్ము నా చెయ్యి చాచినంత. ఒకదాని కొస విరిగిపోయి ఉంది. ఎముకంతా రాయైపోయింది, నలుగురు మనుషులు పడితే గాని లేవలేదు. ఎడ్లబండి మీద వేసి తెచ్చారు. ప్లీడరుగారూ, సంఘంవాళ్ళూ, సగం బజారూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఇది ఏ యుగానిదో అని తలా ఒకటీ అంటున్నారు. సాయిబుగారు బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "గేదె" అన్నారు. లోపలికి చేర్చాక విరగని కొమ్ముకు పలుపుతాడు కట్టి గుంజకు ముడివేశారు.

ప్లీడరుగారు మొహం చిట్లించారు. తల ఒక్కటే ఉన్నది ఎక్కడికి పోతుందయ్యా అన్నారు. సాయిబుగారు ముడి కాస్త వదులు చేశారు. ప్లీడరుగారు వెళ్ళిపోయాక నన్ను సాయం పట్టమని, ఆకుల అచ్చులున్న పలకరాళ్ళన్నీ పక్కగదిలోకి మార్చారు. కారణం నేను అడగలేదు. అప్పటికి నాకూ అలవాటైపోయింది. మేత ఎదురుగా పెట్టి అందకుండా కట్టెయ్యడం మంచిది కాదు.

వానలు పట్టాక కలిదిండి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. అరవై దాటిన మనిషి. పంచె మోకాళ్ళ పైదాకా తడిసి ఉంది. పడవ మీద కొల్లేరు దాటి, అక్కణ్ణుంచి నడుచుకుంటూ వచ్చారట. గుమ్మంలోనే ఆగి, "మా గేదె ఇక్కడుందని తెలిసిందండీ" అన్నారు.

మ్యూజియం పెట్టాక ఏ వస్తువు కోసమూ ఎవరూ అలా రాలేదు. సాయిబుగారి మొహం వెలిగిపోయింది. చాప పరిచారు. మంచినీళ్ళు నా చేత ఇప్పించారు. ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టారు. ఏ రంగు, ఎన్నో ఈతలో ఉండగా పోయింది, కొమ్ముల తీరెలా ఉండేది. పెద్దాయన తడుముకోకుండా చెబుతున్నారు. నలుపే, రెండో ఈతలో పోయింది, కొమ్ములు వెనక్కి వాలి ఉండేవట. పోయి ఎన్నాళ్ళయిందని అడిగితే, తను పుట్టకముందే, వాళ్ళ నాన్న కుర్రతనంలో అన్నారు. సాయిబుగారు తల ఊపారు. ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఆయనకు కొత్త కాదు.

నేను ఉండబట్టలేక కలగజేసుకుని, ఇది రాయి కదండీ, గేదె రాయెలా అవుతుందండీ అన్నాను. కొల్లేట్లో అన్నాళ్ళు నానితే మీరైనా నేనైనా రాయైపోమా మాష్టారూ అన్నారు పెద్దాయన. సాయిబుగారు నాకేసి చూశారు, ఆ మాటకు జవాబు నేనే చెప్పాలన్నట్టు.

దొడ్డిలో ఒక పద్ధతి ఉంది. పశువు నాది అన్నవాడు దాన్ని పేరు పెట్టి పిలవాలి. వస్తే తోలుకుపోవచ్చు. పెద్దాయన పుర్రె ఎదురుగా కాస్త దూరంలో నిలబడి, గొంతు సవరించుకుని, "ముత్యాలూ, దామ్మా, దా దా" అని పిలిచారు. ముగ్గురం ఎదురుచూశాం. నేనెందుకు ఎదురుచూశానో ఇప్పటికీ చెప్పలేను. బయట వాన పడుతోంది. పెద్దాయన మళ్ళీ పిలిచారు.

"రాలేదండీ," అన్నారు సాయిబుగారు, బాధగా.

"దానికి చెవుడండీ. పిలిస్తే వచ్చేది కాదు, మనమే వెళ్ళి తోలుకురావాలనేవారు మా నాన్న."

చెవిటిదాన్ని పిలిచి రాలేదనడం కుదరదు. పైగా ఇంకో లోపం సాయిబుగారికి అప్పుడే తట్టింది. నాలుగు కాళ్ళూ పోయినదాన్ని నడిచి రమ్మనడం న్యాయం కాదు. దీని సంగతి ఆలోచించి కబురు చేస్తాను, అప్పటిదాకా ఇంకెవరికీ ఇవ్వను అని మాట ఇచ్చి పంపించారు.

ఆ మాటే తర్వాత ఆయన ఉద్యోగం మీదికి వచ్చింది. ప్లీడరుగారు పుర్రె సంగతి మద్రాసుకు రాశారు. దసరా సెలవులు అయ్యాక అక్కణ్ణుంచి ఒక ఆఫీసరు దిగారు. టోపీ, కళ్ళజోడు, మెత్తగా మాట్లాడే మనిషి. తెలుగువారే. పుర్రెను చూడగానే నేల మీద బోర్లా పడుకుని, భూతద్దం పెట్టి పళ్ళ కుదుళ్ళు చూశారు. లేచి బట్టలు దులుపుకోవడం కూడా మరచిపోయారు. మనుషులు ఊళ్ళు కట్టకముందు తిరిగిన జాతి ఇదనీ, దీన్ని మద్రాసు తీసుకువెళ్ళి భద్రపరచాలనీ, వీలైతే ఆ సాయంత్రం బండికేననీ అన్నారు. ప్లీడరుగారు పొంగిపోయారు.

సాయిబుగారు మాత్రం కదల్లేదు. కలిదిండివారి మాట తేలలేదు, ఇద్దరూ ఉంటేగాని కట్టు విప్పనన్నారు. ప్లీడరుగారు నవ్వారు, తర్వాత కేకలేశారు, చివరికి రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదన్నారు. సాయిబుగారు మొలతాడుకున్న తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టారు. పెట్టి, వెళ్ళిపోకుండా, ఉదయం నీళ్ళు మార్చానండీ, సాయంత్రం మీరే మార్చాలి అన్నారు. ప్లీడరుగారు ఆ తాళంచెవిని వేడి వస్తువును పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డారు. నన్ను పక్కకు పిలిచి సంగతేమిటని ఆఫీసరుగారు అడిగితే అంతా చెప్పాను. ఆయన ఒకరోజు ఆగితే పోయేదేముందన్నారు. కలిదిండికి కబురు వెళ్ళింది. తాళంచెవి మళ్ళీ సాయిబుగారి మొలకు చేరింది.

మర్నాడు పెద్దాయన వచ్చేసరికి సాయిబుగారు ఏర్పాట్లన్నీ చేశారు. మిల్లులో బస్తాలు లాగే చక్రాలబల్ల అడిగి తెచ్చి, పుర్రెను దాని మీదికి ఎక్కించి, వాకిలి మధ్యలో నిలబెట్టారు. పలుపు విప్పారు. ఒక పక్కన ఆఫీసరుగారిని నిలబెట్టారు, ఎదుటి పక్కన పెద్దాయనను. నన్నూ ప్లీడరుగారినీ గోడ వారగా వెళ్ళమన్నారు, అడ్డం వస్తామని.

ముందు ఆఫీసరుగారి వంతు. ఆయన నవ్వాపుకుంటూ, రా రా అన్నారు. పేరు పెట్టి పిలవాలండీ అన్నారు సాయిబుగారు. ఆఫీసరుగారు నవ్వు మానేశారు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, లాటిన్లో ఆ జాతికున్న నోరు తిరగని రెండు ముక్కల పేరు స్పష్టంగా, బడిలో హాజరు పిలిచినట్టు పిలిచారు. సాయిబుగారు నా వైపు వంగి, "ఇంటిపేరుతో సహా పిలిచారండీ" అన్నారు. ఆయనకు ఆఫీసరు మీద గౌరవం కలిగిందని అప్పుడే నాకు అర్థమైంది.

బల్ల కదల్లేదు. పెద్దాయన పిలిచారు, "ముత్యాలూ, దామ్మా."

చక్రం కిర్రుమంది. బల్ల మెల్లగా కదిలి, పెద్దాయన వైపు మూరెడు దూరం వెళ్ళి ఆగింది.

ముందు తేరుకున్నది ప్లీడరుగారే. నేల వాలుగా ఉందయ్యా, అది కాలవ వైపు జారింది అన్నారు. పేడా పంచితం కడగడానికి అన్ని దొడ్లూ వాలుగానే కడతారండీ, పాతికేళ్ళుగా ఇక్కడే పిలిపిస్తున్నాను, ఎవరూ ఏమీ అనలేదు అన్నారు సాయిబుగారు. ఆఫీసరుగారు చోట్లు మార్చుకుందామని పట్టుబట్టారు. ఎందుకు పట్టుబట్టారో ఆయనకే తెలియాలి. బల్లను మళ్ళీ మధ్యకు లాగారు. ఇప్పుడు పల్లపు వైపు ఆఫీసరుగారు నిలబడి, ఈసారి ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త ఆశగా పిలిచారు. ఒక చక్రం నాపరాయి పగుల్లో ఇరుక్కుంది. బల్ల కదల్లేదు. ఆయన వంగి చక్రాన్ని చూడబోతే సాయిబుగారు, తాకకూడదండీ అన్నారు. ఆఫీసరుగారు అలా వంగే, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నవ్వి నవ్వి అలిసి, పెద్దాయన పక్కనే గట్టు మీద కూలబడి, "సరేనండీ, మీరే గెలిచారు. ఈ రాయి పట్టుకెళ్ళి ఏం చేస్తారు?" అని అడిగారు.

పెద్దాయన తువ్వాలు భుజం మీంచి తీసి, మడతపెట్టి, మళ్ళీ వేసుకున్నారు.

"మా ఇంటిని గేదెనమ్ముకున్నవారిల్లు అంటారండీ, ఊళ్ళో. ఇప్పటికీ."

తర్వాత సంగతంతా మెల్లమెల్లగా బయటికి వచ్చింది. ముత్యాలును మేపే పని వాళ్ళ నాన్నది. ఒకరోజు అది ఇంటికి రాలేదు. ఆయన దాన్ని ఎక్కడో అమ్ముకుని తినేశాడని తాతకు అనుమానం. కాదు, కొల్లేట్లో దిగి మునిగిపోయి ఉంటుందని ఆయన ఎంత మొత్తుకున్నా తాత నమ్మలేదు. పోయేదాకా కొడుకుతో మాట్లాడలేదు. ఊరు కూడా నమ్మలేదు. ఆయన ముసలివాడయ్యాక కూడా, ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడల్లా కర్ర పుచ్చుకుని కొల్లేటి బురదంతా పొడుస్తూ తిరిగేవారట. తాత కాలపు మనిషి ఇప్పుడు ఒక్కరే మిగిలారు, పెద్దాయన బాబాయి. తొంభైకి దగ్గరపడ్డారు, చూపు లేదు. ఆయన పోయేలోగా ఒక్కసారి ఈ కొమ్ములు ఆయన చేతికి అందిస్తే చాలు, తర్వాత ఎవరు పట్టుకుపోయినా తనకు అక్కర్లేదన్నారు.

ప్లీడరుగారు లేచి ఇంటికి వెళ్ళిపోయారు. ఆఫీసరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుని, ఒకసారి చూపించి తెచ్చేద్దాం, నేనూ వస్తాను అన్నారు.

తెల్లవారగానే పడవలో బయల్దేరాం. పుర్రెను పడవ ముందువైపు గడ్డి పరిచి ఉంచారు సాయిబుగారు, ఒరుసుకోకుండా కొమ్ముల కింద కూడా దట్టించారు. ఆ గడ్డి ఒత్తుకా మేతకా అని ఆఫీసరుగారు చెవిలో అడిగితే నాకు తెలియదన్నాను. కిక్కిస గడ్డి మధ్య సన్నటి దారి వెంట పడవవాడు గెడ వేస్తూ పోతున్నాడు. నీటికోళ్ళు పడవకు దారిచ్చి మళ్ళీ వెనకాల గుంపు కడుతున్నాయి. ఈ సరస్సు ఒకప్పుడు సముద్రమనీ, ఈ గేదె తిరిగిన కాలానికీ మన కాలానికీ మధ్య ఎన్ని తరాలో లెక్కే లేదనీ ఆఫీసరుగారు ఓపిగ్గా చెప్పుకొచ్చారు. సాయిబుగారు శ్రద్ధగా విన్నారు. విని, "అప్పట్నుంచీ దీనికోసం ఎవరూ రాలేదాండీ?" అన్నారు. ఆఫీసరుగారు వంగి, కొమ్ము కింద జారిన గడ్డిని సరిచేశారు.

మధ్యాహ్నానికి ఊరు చేరాం. మేం వస్తున్న సంగతి మాకంటే ముందే చేరింది. గేదెనమ్ముకున్నవారింటికి గేదె వస్తోందని పనులు మానుకుని మరీ వచ్చారు జనం. నలుగురు మోసుకెళ్ళి వసారాలో నులకమంచం పక్కన దించారు. మంచం మీద బాబాయిగారు, ఎముకలపోగులా, పడుకుని ఉన్నారు. కోడళ్ళు ఆయనను లేపి కూర్చోబెట్టారు.

పెద్దాయన మంచం దగ్గర వంగి, ముసలాయన చెయ్యి పట్టుకుని కొమ్ము మీద పెట్టారు. "బాబాయ్, ముత్యాలు దొరికింది. కొల్లేట్లోనే మునిగిపోయింది. నాన్న అమ్మలేదు."

ముసలాయన వేళ్ళు కొమ్ము మొదటి నుంచి కొసదాకా వెళ్ళాయి. విరిగిన చోట ఆగాయి. మళ్ళీ వెనక్కి వచ్చి నుదుటి మీద, కంటిగుంతల్లో తిరిగాయి. ఆఫీసరుగారు ఏదో చెప్పబోతే సాయిబుగారు ఆయన మోచెయ్యి మీద వేలు వేశారు.

"ఇది మనది కాదురా," అన్నారు ముసలాయన.

"నీకు కనిపించదు కదా బాబాయ్. కొమ్ములు చూడు, వెనక్కే వాలి ఉన్నాయి."

"కనిపించక్కర్లేదు. ముత్యాలు కొల్లేట్లో పడలేదురా అబ్బాయ్. కైకలూరు సంతలో నేనే అమ్మాను."

గొడుగు కోసమట. ఆ ఊళ్ళో అప్పటికి ఎవరికీ గొడుగు లేదు. అప్పటి కుర్రాడు, సంతలో నల్లగుడ్డ గొడుగు చూసి మనసు పడ్డాడు, అన్న మేపుకు వదిలిన గేదెను తోలుకుపోయి అమ్మాడు. గొడుగు కొనుక్కోగా మిగిలిన డబ్బు చూస్తే భయం వేసింది. వస్తూ వస్తూ కొల్లేట్లో విసిరేశాడు. గొడుగును ఊళ్ళోకి తెచ్చే ధైర్యం లేక కిక్కిసలో దాస్తే, ఆ రాత్రి గాలివానకు విరిగిపోయింది. ఒక్కసారి కూడా వేసుకోలేదు. ఇదంతా ముసలాయన కొమ్ము వదలకుండానే చెప్పారు. చివరికి, "దీన్ని తీసుకుపోండి, ఎవరిదో ఏమో" అని చెయ్యి తీసేశారు.

పెద్దాయన కూలబడ్డారు, సరిగ్గా పుర్రె మీద, రెండు కొమ్ముల మధ్య. ఆఫీసరుగారు అదిరిపడి లేచి, ఆయన మొహం చూసి, మళ్ళీ కూర్చున్నారు. లెక్కలేనన్ని తరాల నాటి ఆ ఎముక మీద పెద్దాయన మోకాళ్ళ మీద మోచేతులు ఆనించుకుని చాలాసేపు అలాగే ఉన్నారు. తండ్రి మీద మచ్చ పోయింది. దాన్ని పోగొట్టుకున్నట్టు ఉంది తప్ప ఆయన మొహంలో సంతోషం లేదు. ఇంటి పేరు మాత్రం మార్చే పని లేకపోయింది. అమ్ముకున్నది ఆ ఇంటివాళ్ళే.

సాయిబుగారు మంచం దగ్గరకు వెళ్ళి, మెల్లగా దగ్గి, "కొన్నది ఎవరండీ?" అని అడిగారు. ఎర్ర తలపాగా మనిషి, ఏ ఊరో అడగలేదు, తూర్పుకు తోలుకుపోయాడు అన్నారు ముసలాయన. సాయిబుగారు తల ఊపారు.

ఆ పూట అందరికీ భోజనాలు అక్కడే పెట్టారు. బాబాయికి అన్నం పెద్దాయనే కలిపి నోటికి అందించారు. ముసలాయన ముద్ద ముద్దకూ ఆగి, ఇంకొకటి వస్తుందో రాదో అన్నట్టు నోరు తెరిచి ఉంచారు. వచ్చింది.

ఏలూరు చేరాక సాయిబుగారు ఏ అభ్యంతరమూ చెప్పలేదు. కలిదిండివారిది కాదని తేలింది, దాని పేరు తెలిసినవారు ఆఫీసరుగారొక్కరే మిగిలారు. పుర్రె ఆ గడ్డిలోనే, ఆ పలుపుతోనే మద్రాసు బండి ఎక్కింది. స్టేషనులో ఆఫీసరుగారు సెలవు తీసుకుంటుంటే, దారిలో నీళ్ళు చూపించమని చెప్పారు. ఆయన సరేనన్నారు, నవ్వకుండా. ఊళ్ళో ఒక వారం ఇదే కథ. గొడుగు గురించి నవ్వినవాళ్ళు నవ్వారు, ఆ తండ్రిని తలుచుకుని అయ్యో అన్నవాళ్ళు అన్నారు. నేను రెండూ చేశాను.

ఆ మరుసటి వారం నేను వెళ్ళేసరికి దొడ్డికి తాళం వేసి ఉంది. అన్నేళ్ళలో సాయిబుగారు సెలవు పెట్టడం ఎవరూ ఎరగరు. ఒంట్లో బాగాలేదేమోనని ఇంటికి వెళ్ళాను. కైకలూరు సంతకు వెళ్ళారన్నారు ఇంట్లోవాళ్ళు. మర్నాడు సాయంత్రం వచ్చారు. కాళ్ళకు మోకాళ్ళదాకా దుమ్ము, మొహం వడలిపోయి ఉంది. ముత్యాలు సంగతి కనుక్కోవడానికి వెళ్ళారట. ఎర్ర తలపాగా మనిషిని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉంటారేమోనని సంతంతా తిరిగారు, తూర్పు ఊళ్ళ బేరగాళ్ళను ఒక్కొక్కరినీ అడిగారు. ఈ కథ విన్న అంతమందిలో, కలిదిండిలో కూడా, ఆ గేదె తర్వాత ఏమైందని ఒక్కరూ అడగలేదండీ అన్నారు.

ఏమైనా తెలిసిందా అన్నాను.

"ఆ కాలపువాళ్ళు ఎవరూ మిగల్లేదండీ," అన్నారు సాయిబుగారు. "అయినా చెప్పి వచ్చాను. చెవిటిది, పిలిస్తే పలకదు, ఎక్కడైనా కనిపిస్తే మన దగ్గరికి తోలమని."